గీత గీసేలోపే

పాత డబ్బా టీవీ బొమ్మను ఒక్కసారిగా చూపించదు. గాజు తెర వెనక నుంచి ఎలక్ట్రాన్ కిరణం ఎడమ నుంచి కుడికి ఒక గీత గీసి, వెనక్కి వచ్చి, దాని కింద ఇంకో గీత గీస్తుంది. అమెరికా టీవీల్లో అలా సెకనుకు సుమారు 15,700 గీతలు. 1977లో వచ్చిన అటారీ వీసీఎస్ (తర్వాత 2600గా పేరు మారింది) ఆ ఒక్కో గీతకూ అది పుడుతుండగానే రంగులు అందించాలి. బొమ్మను ముందే గీసి దాచుకునే చోటు ఆ పెట్టెలో లేదు. దాని మెమరీ అంతా కలిపి 128 బైట్లు. ఈ పేరాలోని మొదటి రెండు వాక్యాలు కూడా అందులో పట్టవు.

అలాంటి పెట్టెకు ఆటలు రాయడాన్ని నేను విద్య అనే అంటాను. దానికి లెక్క ఉంది, నియమం ఉంది, ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్న మెళకువలున్నాయి. ఆ విద్యకు ఆధారం 6502 అనే చిప్పు.

మోటరోలాలో 6800 చిప్పు మీద పనిచేసిన చక్ పెడల్, బిల్ మెన్ష్, ఇంకొందరు 1974లో అక్కడి నుంచి బయటికొచ్చి పెన్సిల్వేనియాలోని మాస్ టెక్నాలజీలో చేరారు. 6800ను చూపించడానికి పెడల్ వెళ్ళిన చోటల్లా చిప్పు బాగుందనేవారు, వందల డాలర్ల ధర విని వెనక్కి తగ్గేవారు. అందుకే కొత్త చిప్పును ధర దగ్గర నుంచి మొదలుపెట్టి తయారుచేశారు. సుమారు 3,500 ట్రాన్సిస్టర్లు, 56 ఆదేశాలు. లెక్క చేయడానికి ఒక్క అక్యుమ్యులేటర్, దానికి తోడు ఎక్స్, వై అనే రెండు చిన్న రిజిస్టర్లు. ఆ కొరత తీర్చడానికి మెమరీలోని మొదటి 256 బైట్లను, అంటే సున్నా పేజీని, త్వరగా అందుకునే ఏర్పాటు చేశారు. 1975 సెప్టెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన వెస్కాన్ ప్రదర్శనకు వెళ్ళి, హాలులో అమ్మకాలకు వీల్లేదంటే హోటల్ గదిలో కూర్చుని 25 డాలర్లకు ఒకటి చొప్పున అమ్మారు. మరుసటి ఏడు స్టీవ్ వోజ్నియాక్ చేసిన ఆపిల్ 1లో ఉన్నదీ ఇదే చిప్పు.

ఆటపెట్టెకు ఆ ధర కూడా ఎక్కువే. కాబట్టి 40 కాళ్ళ 6502ను 28 కాళ్ళకు కుదించి 6507 చేశారు. కాళ్ళు తగ్గడంతో అది చూడగలిగిన చిరునామాలు 8 కిలోబైట్లకు పరిమితమయ్యాయి, ఆట ఉండే క్యాసెట్‌కు 4 దక్కాయి. తెర సంగతి చూసుకోవడానికి జే మైనర్ టీఐఏ అనే ఇంకో చిప్పు రూపొందించాడు. పాంగ్, ట్యాంక్ లాంటి ఆటల కోసం పుట్టిన చిప్పు కనుక దానికి తెలిసినవి కొన్నే: 8 చుక్కల వెడల్పున్న రెండు ఆటగాళ్ళ బొమ్మలు, రెండు గుండ్లు, ఒక బంతి, సగం తెరకు సరిపడా 20 బిట్ల నేపథ్యం. మిగతా సగంలో అదే మళ్ళీ వస్తుంది, లేదా అద్దంలోలా తిరగబడి వస్తుంది.

ఇక లెక్క. ఒక గీత పూర్తయ్యేలోపు ప్రాసెసర్ గడియారం 76 సార్లు కొట్టుకుంటుంది. అంటే 76 సైకిళ్ళు. అందులో మొదటి 22కు పైగా కిరణం వెనక్కి రావడానికే పోతాయి. పద్యం రాసేవాళ్ళకు ఈ ఇరుకు కొత్తది కాదు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. గణం కుదరకపోతే ఎంత మంచి మాటనైనా వదులుకోవాలి. 6502 ఆదేశాలకూ అలాగే ఖాయమైన కాలం ఉంది. ఒక అంకెను అక్యుమ్యులేటర్‌లో వేసుకోవడానికి 2 సైకిళ్ళు, దాన్ని సున్నా పేజీలో రాయడానికి 3. షరతు కుదిరి ప్రోగ్రాం ఇంకోచోటికి గెంతితే 3, కుదరకపోతే 2, గెంతిన చోటు 256 బైట్ల పేజీ హద్దు దాటితే 4. ఆ ఒక్క సైకిల్ తేడాకే బొమ్మ చెదిరిపోతుంది. కాబట్టి కోడ్ ఏం చేస్తుందన్నదే కాకుండా, ఏ చిరునామాలో పడుతుందన్నదీ చూసుకునేవారు. ఒక రంగును అప్పటికప్పుడు అందుకుని మార్చాలంటే 5 సైకిళ్ళు. ఆలోపు కిరణం 15 చుక్కలు ముందుకెళ్ళిపోతుంది.

నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది బొమ్మను నిలబెట్టే పద్ధతి. ఆటగాణ్ణి అడ్డంగా ఎక్కడ ఉంచాలో చెప్పే అంకె టీఐఏలో లేనే లేదు. కిరణం ఆ చోటికి చేరిన క్షణంలో ఒక రిజిస్టర్‌ను తాకాలి. ఆ క్షణమే బొమ్మకు చోటు. 5 సైకిళ్ళ చిన్న చుట్టును కావలసినన్ని సార్లు తిప్పి, 15 చుక్కల అంగలతో దగ్గరకు చేరి, మిగిలిన తేడాను మరో రిజిస్టర్‌తో సర్దేవారు. స్థలాన్ని కాలంతో కొలవడమంటే ఇదే. ఆట అసలు ఆలోచన, అంటే ఎవరు ఎవరిని తాకారు, స్కోరు ఎంత అన్నదంతా, బొమ్మకు పైనా కిందా కనిపించకుండా పోయే 70 గీతల వ్యవధిలోనే. వీడియో చెస్‌కు ఆ వ్యవధి చాలలేదు. ఎత్తు ఆలోచించేటప్పుడు అది బల్లను చూపించడమే మానేస్తుంది.

ఇంత ఇరుకులోనే గొప్ప పనితనం పుట్టింది. టీఐఏకు ఒక బొమ్మను మూడుసార్లు చూపించే వీలుంది. 1980 నాటి స్పేస్ ఇన్‌వేడర్స్‌లో రిక్ మౌరర్ రెండు బొమ్మలతోనే వరుసకు ఆరుగురు శత్రువులను నిలబెట్టాడు. యార్స్ రివెంజ్‌లో హోవార్డ్ స్కాట్ వార్షా తెర మధ్య మెరిసే పట్టీకి వేరే బొమ్మ దాచలేదు, ప్రోగ్రాం బైట్లనే రంగులుగా చూపించాడు. నా దృష్టిలో అన్నిటికన్నా పైన నిలిచేది 1982లో డేవిడ్ క్రేన్ రాసిన పిట్‌ఫాల్. 4 కిలోబైట్లలో 255 తెరల అడవి ఉంది. ఏ తెరకూ పటం దాచలేదు. ఒక బైట్‌ను పక్కకు జరిపి, కొన్ని బిట్లను కలిపితే తర్వాతి తెరకు బైట్ వస్తుంది. గుంటలు, మొసళ్ళు, ఊడలు అన్నీ ఆ బైట్‌లోంచే. అదే సూత్రాన్ని తిరగేసి నడిపిస్తే వెనకటి తెర వస్తుంది కనుక కథానాయకుడు ఎటైనా పరిగెత్తగలడు.

ఈనాటి ప్రాసెసర్‌లో ఒక ఆదేశానికి ఎంత సమయం పడుతుందో దాన్ని వాడే ప్రోగ్రామర్ ముందుగా చెప్పలేడు. కావలసింది క్యాష్ అనే దగ్గరి మెమరీలో ఉంటే ఒక లెక్క, లేకపోతే ఇంకోటి. 6502 మొత్తాన్ని ఒక మనిషి తలలో పెట్టుకోవచ్చు. ఇన్నేళ్ళ తర్వాత కూడా 2600కు కొత్త ఆటలు రాసేవాళ్ళున్నారంటే అందుకేనని నా నమ్మకం.

మన వాకిళ్ళకు ఈ చిప్పు మరో దారిలో వచ్చింది. 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫామికామ్‌లో రికో సంస్థ తయారుచేసిన ప్రాసెసర్ ఉంది. దాని గుండె 6502. తొంభైల్లో మన ఊళ్ళలో టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ పెట్టెల్లో చాలావరకు దానికి నకళ్ళే. ఆ మధ్య అలాంటిదొకటి విప్పి చూశాను. కాళ్ళున్న చిప్పు కనపడలేదు, బోర్డు మీద రూపాయి బిళ్ళంత నల్లటి జిగురు చుక్క ఉంది. ఆ చుక్క కింద ఉన్నది అదే లెక్క. ఒక్క తేడా: 6502కు అంకెలను మనలా పదుల్లో కూడే విధానం ఉండేది, రికో దాన్ని తీసేసింది. అందుకని మేం నాణెం కొట్టిన ప్రతిసారీ మారియో ఆట ప్రోగ్రాం అందుకు వచ్చే 200 పాయింట్లను ఒక్కో స్థానానికి ఒక్కో బైట్ పెట్టుకుని, పలక మీద పిల్లలు కూడినట్టు, తొమ్మిది దాటితే పక్క స్థానానికి ఒకటి చేర్చి కూడేది. అదంతా కిరణం కిందికి దిగి మళ్ళీ పైకి వచ్చేలోపే.