దొడ్డిదారి తాళం బ్యాటరీలోనే

సోనీ పీఎస్పీ పోయినప్పుడు పెద్దగా గోల చేయదు. పక్కనున్న స్విచ్‌ను పైకి తోస్తే పచ్చ లైటు వెలుగుతుంది. తెర మాత్రం నల్లగానే ఉంటుంది. కొన్ని సెకన్లకు లైటు కూడా ఆరిపోతుంది. ఛార్జింగ్ అయిపోయిందేమోనని ఛార్జర్ పెడతారు, మెమరీ స్టిక్ తీసి మళ్లీ పెడతారు, మళ్లీ స్విచ్ తోస్తారు. అదే పచ్చ లైటు, అదే చీకటి. బ్రిక్ అయిందని, అంటే ఉత్త ఇటుకరాయిగా మిగిలిందని, ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. చిత్రమేమిటంటే లోపల ఒక్క తీగ తెగలేదు, ఒక్క చిప్ కాలలేదు. పోయినవి కొన్ని ఫైళ్లు. అవీ యజమాని తన చేత్తో డిలీట్ చేసినవే.

2004 డిసెంబర్‌లో జపాన్‌లోనూ, ఆ తర్వాతి మార్చిలో అమెరికాలోనూ అమ్మకానికొచ్చిన ఈ చేతి కన్సోల్‌కు 2006 నాటికే సొంత ఫర్మ్‌వేర్లు, అంటే యంత్రాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్లు, తయారుచేసి పంచేవాళ్లు బయల్దేరారు. వాళ్లలో బాగా పేరుపడ్డవాడు డార్క్ అలెక్స్ అనే మారుపేరుతో పనిచేసిన స్పెయిన్ ప్రోగ్రామర్. కంపెనీ ఫర్మ్‌వేర్‌లో ఉన్నవన్నీ అలాగే ఉంచి, సోనీ సంతకం లేని ప్రోగ్రాములను కూడా నడవనిచ్చేలా దాన్ని మార్చాడు. ఇలా మార్చడాన్నే మాడ్ చేయడమంటారు. పాత కన్సోళ్ల ఆటలు ఆడించే ఎమ్యులేటర్లు, పుస్తకాలు చదివించే ప్రోగ్రాములు దాని మీద వరసగా వచ్చాయి. జనమంతా వాటికోసమే మాడ్ చేయించుకున్నారంటే నమ్మనక్కర్లేదు. ఎక్కువమందికి కావలసింది డిస్క్ కొనకుండా ఆట. ఆ సంగతి దాచిపెట్టి ఈ విద్య గురించి మాట్లాడితే బాగుండదు. అయితే దొంగ ఆటల మోజు తీరిపోయాక కూడా, దాని పక్కనే పుట్టిన మరమ్మతు విద్య మాత్రం మిగిలింది.

ఫైళ్లు పోయే తీరు దాదాపు అందరి విషయంలోనూ ఒక్కటే. మాడ్ చేసిన పీఎస్పీలో సెలెక్ట్ మీట నొక్కితే చిన్న మెనూ వస్తుంది. అందులో యూఎస్‌బీ డివైస్ అనే వరస ఒకటి. మామూలుగా అక్కడ మెమరీ స్టిక్ అని ఉంటుంది. దాన్ని సిస్టమ్ ఫైళ్లుండే ఫ్లాష్ జీరోకి మారిస్తే, కేబుల్ పెట్టగానే కన్సోల్ గర్భగుడి మొత్తం కంప్యూటర్‌లో మామూలు పెన్ డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. ఫాంట్, కేడీ, వీఎస్‌హెచ్, డేటా అని నాలుగైదు ఫోల్డర్లు. అలా తెరిచే కుర్రాడికి కావలసింది మెయిన్ మెనూలో ఐకాన్లు మార్చుకోవడం. అది వీఎస్‌హెచ్ ఫోల్డర్‌లో రిసోర్స్ కింద టాప్‌మెనూ ప్లగిన్ అనే ఒకే ఒక్క ఫైలు. కొత్తది తెచ్చి దానిమీద పడేస్తే చాలు.

పడేయబోతే చోటు లేదంటుంది. మొదటి మోడల్‌లో ఫ్లాష్ చిప్ మొత్తం 32 ఎంబీ. అందులో సిస్టమ్ సర్దుకున్నాక మిగిలేది అంతంతమాత్రం. అందుకని పాత ఫైలు ముందు తీసేస్తాడు. కొత్తది అప్పటికీ పట్టదు. పక్కన అక్కరకు రానట్టు కనిపించే నాలుగు ఫైళ్లు తీసేస్తాడు. లేదంటే ఫ్లాష్ జీరో విండోను మెమరీ స్టిక్ విండో అనుకుని మొత్తం సెలెక్ట్ చేసి డిలీట్ కొడతాడు. విండోస్‌లో ఇలా బయటినుంచి తగిలించిన డ్రైవ్ మీద డిలీట్ చేసినవి రీసైకిల్ బిన్‌లోకి వెళ్లవు. వెనక్కి తెచ్చుకుందామంటే చెత్తబుట్టలోనూ ఉండవు.

ఆ క్షణంలో చేయవలసిన పని ఒక్కటే ఉంది, కంగారులో దాదాపు అందరూ దానికి సరిగ్గా వ్యతిరేకం చేస్తారు. కన్సోల్ ఆఫ్ చేయకూడదు. కేబుల్ పీకకూడదు. నడవడానికి కావలసిన మాడ్యూళ్లు ఆన్ చేసినప్పుడే ర్యామ్‌లోకి ఎక్కి ఉంటాయి కాబట్టి, కింద ఫ్లాష్ ఖాళీ అయినా మెనూ కొంతసేపు ఏమీ ఎరగనట్టే నడుస్తూ ఉంటుంది. ముందే దాచుకున్న ఫ్లాష్ జీరో నకలు కంప్యూటర్‌లో ఉంటే అప్పటికప్పుడు తిరిగి ఎక్కించవచ్చు. స్విచ్ ఆఫ్ అయిందా, ఆ అవకాశం పోయినట్టే.

పోయినవన్నీ ఒకే రకం దెబ్బ తీయవు. ఫ్లాష్ వన్ అనే భాగంలో సెట్టింగులు ఉంటాయి. అది పాడైతే తెరంతా నీలంగా మారి, సెట్టింగుల సమాచారం చెడిపోయిందని పలు భాషల్లో ఒకేసారి చెబుతుంది. కొత్తవాళ్లు హడలిపోతారు గానీ, రౌండ్ మీట నొక్కితే పీఎస్పీ తనంతట తానే ఫ్యాక్టరీ సెట్టింగులు రాసుకుని లేచి కూర్చుంటుంది. ఫ్లాష్ జీరోలో కూడా వీఎస్‌హెచ్ వైపు ఫైళ్లు పోతే మెనూ రాదంతే. సిస్టమ్ కింద బతికే ఉంటుంది. ఆర్ మీట పట్టుకుని ఆన్ చేస్తే, మాడ్ ఫర్మ్‌వేర్ వాళ్లు పెట్టిపోయిన రికవరీ మెనూ నల్లతెర మీద తెల్ల అక్షరాలతో వస్తుంది. మెమరీ స్టిక్‌లో గేమ్ ఫోల్డర్ కింద రికవరీ అనే ఫోల్డర్‌లో పెట్టిన ప్రోగ్రామ్‌ను అక్కణ్నుంచే నడిపించవచ్చు. అప్‌డేటర్‌ను అక్కడ పెట్టి ఫర్మ్‌వేర్‌ను మళ్లీ ఎక్కించి బయటపడ్డవాళ్లు ఎందరో.

కేడీ ఫోల్డర్ పోతేనే అసలు కష్టం. కెర్నెల్ మాడ్యూళ్లన్నీ అందులోనే ఉంటాయి. రికవరీ మెనూ కూడా వాటి మీదే నిలబడేది కాబట్టి అదీ రాదు. మొదట చెప్పిన పచ్చ లైటు కథ అప్పుడు వచ్చేదే.

ఈ కథకు విరుగుడు 2007 ఆగస్టులో బయటపడింది, అదీ ఎవరూ ఊహించని చోట. పీఎస్పీ బ్యాటరీలో సెల్లుతో పాటు చిన్న సర్క్యూట్ ఉంటుంది, ఆ సర్క్యూట్ మీద ఒక మెమరీ చిప్, ఆ చిప్‌లో బ్యాటరీ సీరియల్ నంబర్. బ్యాటరీ పెట్టగానే కన్సోల్ ముందు ఆ నంబర్ చదువుతుంది. అది హెక్స్‌లో వరసగా ఎనిమిది ఎఫ్‌లు అయితే, తనను తెరిచింది సోనీ సర్వీస్ సెంటర్ మనిషే అనుకుంటుంది. అప్పుడు ఫ్లాష్ చిప్ మొహం చూడకుండా, బూట్ కోడ్‌ను నేరుగా మెమరీ స్టిక్ నుంచి తీసుకుంటుంది. ఈ తీర్పు చెప్పే కోడ్ ప్రాసెసర్‌లోనే శాశ్వతంగా చెక్కి ఉంది. అందుకే ఫ్లాష్‌లో ఎంత విధ్వంసం జరిగినా దానికేమీ కాదు. కంపెనీ తన మెకానిక్ కోసం వదిలిన దొడ్డిదారి అది. దానికి జనం పెట్టుకున్న పేరు పండోరా బ్యాటరీ.

ఆ బ్యాటరీని తయారుచేసుకోవడానికి రెండు మార్గాలు. మాడ్ చేసిన మొదటి మోడల్ పీఎస్పీ మరొకటి దొరికితే, చిన్న ప్రోగ్రామ్‌తో దానిలోంచే బ్యాటరీ నంబర్ మార్చేయవచ్చు. పోయినదాన్ని బతికించాలంటే బతికున్నదొకటి కావాలన్నమాట. “అన్నా, నీ పీఎస్పీ ఒక్క పది నిమిషాలు ఇస్తావా” అని అడిగితే, తమ్ముడు తనది చంపుకుని వచ్చాడని తెలిసిన ఏ అన్నా వెంటనే ఇవ్వడు. అలా దొరకనివాళ్లు రెండో మార్గం పట్టారు: బ్యాటరీ ప్లాస్టిక్ డొక్కను సన్నటి బ్లేడుతో అంచువెంట విప్పి, సర్క్యూట్ మీది ఆ చిప్‌కు ఉన్న ఒక కాలును కత్తిరించడమో పైకి లేపడమో. కాలు ఊడితే నంబర్ చదవడం కుదరదు, అన్నీ ఎఫ్‌లుగానే కనిపిస్తాయి. తర్వాత మళ్లీ సోల్డర్ చేస్తే మామూలు బ్యాటరీ. వినడానికి సరదాగానే ఉంటుంది. బ్లేడు ఒక మిల్లీమీటరు లోపలికి జారితే అక్కడ ఉండేది లిథియం సెల్లు. పదిహేనేళ్ల పిల్లలు మంచాల మీద కూర్చుని చేసిన పని ఇది. ఎవరూ చేయకుండా ఉంటేనే మేలు.

బ్యాటరీ సగం పనే. మెమరీ స్టిక్ కూడా సిద్ధం కావాలి. బూట్ కోడ్‌ను ఫైలుగా కాపీ చేస్తే పనికిరాదు. ఫైళ్ల లెక్కలోకి రాని మొదటి సెక్టార్లలో, చెప్పిన చోట రాయాలి. చాలామంది తప్పేది ఇక్కడే. ఫోల్డర్లు తెరిచి చూస్తే అన్నీ ఉన్నట్టే ఉంటాయి, కన్సోల్ మాత్రం కదలదు. డార్క్ అలెక్స్ ఈ పనంతటికీ ఒక మూట కట్టి, దానికి డెస్పెర్టార్ డెల్ సెమెంటెరియో అని పేరు పెట్టాడు. స్పానిష్‌లో శ్మశానాన్ని లేపడమని. పేరు మోటుగా ఉన్నా ఏ వంకా పెట్టలేం. స్టిక్ పెట్టి పండోరా బ్యాటరీ తోయగానే, స్విచ్ ముట్టుకోకుండానే పీఎస్పీ ఆన్ అయి మెనూ చూపిస్తుంది: మాడ్ ఫర్మ్‌వేర్ ఎక్కించాలా, కంపెనీదే ఎక్కించాలా, లేక ఫ్లాష్ చిప్ మొత్తాన్ని నకలు తీయాలా అని.

ఆ మూడోది ఎక్కువమంది దాటేసేవాళ్లు. నిజానికి ముందుగా చేయవలసింది అదే. ఫర్మ్‌వేర్ ఫైళ్లు ఒకే మోడల్ పీఎస్పీలన్నిటికీ ఒకటే, కాబట్టి ఎక్కడైనా దొరుకుతాయి. ఐడీ స్టోరేజ్ అనే భాగం అలా కాదు. వైఫై చిరునామా, రీజియన్, ఆ ఒక్క యంత్రానికే చెందిన కీలు అందులో ఉంటాయి. అవి పోతే ఫర్మ్‌వేర్ ఎన్నిసార్లు ఎక్కించినా తిరిగి రావు. స్నేహితుడి పీఎస్పీ నకలు తెచ్చి ఎక్కిస్తే పని ఇంకా చెడుతుంది.

సోనీ ఊరుకోలేదు. 2008లో పీఎస్పీ రెండో మోడలైన స్లిమ్‌లోనే కొత్తరకం మదర్‌బోర్డులు వచ్చాయి, అదే ఏడాది పీఎస్పీ-3000 వచ్చింది. పండోరా వాటిమీద పనిచేయలేదు. ఆ దారి మూసేశారనే అందరూ ఏళ్ల తరబడి అనుకున్నారు. అది మూసుకోలేదని తర్వాత తేలింది. సర్వీస్ మోడ్ అలాగే ఉంది, కాకపోతే సీరియల్ నంబర్‌తో సరిపెట్టుకోకుండా బ్యాటరీని ఒక రహస్య ప్రశ్న అడిగి జవాబు రాబట్టుకుంటోంది. ఆ జవాబు లెక్కగట్టే తీరును ఛేదించాక, కంప్యూటర్‌కు తగిలించిన చిన్న సీరియల్ అడాప్టర్‌తో బ్యాటరీ వేషం వేయించి, పీఎస్పీ-3000లను కూడా లేపుతున్నారు. అప్పటికి సోనీ పీఎస్పీ అమ్మకాలే ఆపేసింది.

నింటెండో వాళ్ల దొడ్డిదారులు ఇంకా విచిత్రం. 3డీఎస్‌లో 2017లో బయటపడ్డ దారిలో కార్ట్రిడ్జ్ నుంచి బూట్ కావాలంటే మూత మూసి ఉండాలి, స్టార్ట్, సెలెక్ట్, ఎక్స్ మీటలు నొక్కి పట్టుకుని ఆన్ చేయాలి. మూత మూస్తే మీటలు లోపలే ఉంటాయి. ఎలా నొక్కాలి? మూత తెరిచే ఉంచి, సెన్సార్ దగ్గర అయస్కాంతం ముక్క పెట్టి మూసినట్టు నమ్మించడమే. నింటెండో స్విచ్ కన్సోల్‌లో 2018లో తెలిసిన లోపం ఎన్విడియా టెగ్రా చిప్ బూట్ రోమ్‌లోనే, అంటే చిప్‌లో శాశ్వతంగా చెక్కిన తొలి కోడ్‌లోనే ఉంది. కుడి జాయ్‌కాన్ తగిలించే పట్టాలో ఒక పిన్నును గ్రౌండ్‌కు కలిపి, వాల్యూమ్ పెంచే మీట, పవర్ మీట నొక్కితే రికవరీ మోడ్. అప్పటికే అమ్ముడైన యంత్రాల్లో దాన్ని సరిచేయడం నింటెండోకు కూడా కుదరలేదు.

నింటెండోదే అయిన వీ కన్సోళ్లన్నిటికీ ఈ అదృష్టం దక్కలేదు. తొలినాళ్ల వీలలో బూట్‌మీ అనే రక్షకుణ్ని ఫ్లాష్ మొదట్లోనే కూర్చోబెట్టవచ్చు, కాబట్టి మెనూ మొత్తం తుడిచేసినా ఎస్డీ కార్డ్‌లోని నకలుతో 512 ఎంబీ చిప్‌ను తిరిగి నింపవచ్చు. తర్వాత తయారైన వాటిలో తొలి దశ కోడ్‌ను సరిదిద్దేయడంతో బూట్‌మీకి ఇంకాస్త పై అంతస్తులోనే చోటు దొరికింది. కింది అంతస్తు కూలితే దానికీ అదే గతి.

ఈ విద్య కన్సోళ్ల దగ్గరే ఆగిపోలేదు. హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ లాంటి చోట్ల మొబైల్ రిపేరు కౌంటర్ల మీద రోజూ జరిగేది దీని చుట్టమే. తప్పు ఫర్మ్‌వేర్ ఎక్కించి నల్లతెరతో వచ్చిన ఫోన్‌ను డెడ్ బూట్ అంటారు. వెనక మూత విప్పి, బోర్డు మీద టెస్ట్ పాయింట్లు వెతికి, ట్వీజర్ మొనతో రెంటినీ కలిపి పట్టుకుని కేబుల్ పెడతారు. క్వాల్‌కామ్ చిప్ ఉన్న ఫోనైతే కంప్యూటర్ మీద 9008 పోర్ట్ ప్రత్యక్షమవుతుంది. చిప్ తయారీదారు వదిలిన సర్వీసు దారే అది. కొన్ని బ్రాండ్ల కొత్త ఫోన్లు ఇప్పుడు ఆ దారిలో కూడా కంపెనీ అనుమతి ఉన్న ఖాతా లాగిన్ అడుగుతున్నాయి. ఆ లాగిన్లు కూడా బజార్లో అమ్ముడుపోతున్నాయి, ఫోన్‌కు ఇంత అని.