మచ్చు ప్రదర్శనలో బుర్రవీణ: ప్రదర్శన కళా విమర్శకు కొన్ని ప్రశ్నలు

1. ఉపోద్ఘాతం

కళాకారులు స్వయంగా నిర్వహించుకొనే ఉత్సవానికి ముందు, రాబోయేదాని రుచి చూపడానికి ఒక సాయంత్రం కొన్ని అంశాలను ప్రదర్శించే పద్ధతి సమకాలీన కళారంగంలో ఉంది. దీనిని మచ్చు ప్రదర్శన అనవచ్చు. పూర్తి రూపం ముందుందన్న నమ్మకమే మచ్చుకు అర్థాన్నిస్తుంది. అటువంటి వేదికపైకి నారాయణపేట ప్రాంతపు బుర్రవీణ వంటి వంశపారంపర్య కళ వచ్చినప్పుడు ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుంది? విమర్శకుడు అక్కడ దేనిని చూడాలి? ఈ వ్యాసం ఈ రెండు ప్రశ్నలకే పరిమితం.

2. పర్ఫార్మెన్స్ ఆర్ట్‌లో కాలం

తెలుగులో ‘ప్రదర్శన’ అనే మాట నాటకానికీ, నృత్యానికీ, జానపద కళకూ సమానంగా వర్తిస్తుంది. దృశ్యకళారంగంలో 1960, 70 దశకాల్లో బలపడిన పర్ఫార్మెన్స్ ఆర్ట్‌కు మాత్రం ప్రత్యేకార్థం ఉంది. కళాకారుని శరీరం, స్థలం, కాలం, ప్రేక్షకుని సన్నిధి, ఈ నాలుగే అక్కడ సామగ్రి. మరీనా అబ్రమోవిచ్ 1974లో నేపుల్స్‌లో బల్లపై 72 వస్తువులుంచి, వాటిని తన శరీరంపై ఇష్టం వచ్చినట్లు ఉపయోగించమని ప్రేక్షకులకు చెప్పి, ఆరు గంటలపాటు నిలబడింది. ప్రేక్షకుల ప్రవర్తన క్రమంగా మారడానికి ఆ ఆరు గంటలూ అవసరమయ్యాయి. దానిని పది నిమిషాలకు కుదిస్తే మిగిలేది ఆ కృతి కాదు. అంటే ఇక్కడ వ్యవధి కళ వెలుపలి ఏర్పాటు కాదు, కళావస్తువులో భాగం.

కళాకారులు ఉత్సవ నిర్వహణను తమ చేతుల్లోకి తీసుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. 1997లో ఢిల్లీ సమీపంలోని మోదీనగర్‌లో కళాకారుల శిబిరంగా మొదలైన ఖోజ్ సంస్థ తరువాతి కాలంలో పర్ఫార్మెన్స్ ఆర్ట్‌కు కూడా వేదిక కల్పించింది. ఎక్కడ, ఎంతసేపు, ఎవరి ముందు అన్న నిర్ణయాలు కళాకారునివే కావాలన్నది ఇటువంటి ప్రయత్నాల వెనుక ఉన్న ఆకాంక్ష.

3. తెలుగునేలపై కళాకారుల నిర్వహణ

ఈ ఆకాంక్ష తెలుగువారికి కొత్తది కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో ఆరంభమైన సురభి నాటక సమాజాల్లో నటన, రంగాలంకరణ, వాద్యం, నిర్వహణ అన్నీ కుటుంబ సభ్యులవే. పగటివేషగాళ్ళు ఒక ఊరికి వచ్చి రోజుకొక వేషం కట్టి వీథుల్లో తిరిగేవారు. అన్ని వేషాలూ ముగిశాకే సంభావన స్వీకరించేవారు. ఊరి మన్నన కళను పూర్తిగా చూశాక లభించేది. నేటి మచ్చు ప్రదర్శనలో చూడకముందే విలువ కట్టవలసి వస్తుంది.

తెలంగాణ ఆశ్రిత కళాకారుల మిరాశీ గ్రామాల పద్ధతి కూడా ఈ కోవలోనిదే. ఏ కుటుంబం ఏ ఊళ్ళకు వెళ్ళాలో, అక్కడ ఏమి పొందాలో అందులో నిర్దేశించి ఉంటుంది. అయితే దీనిని స్వేచ్ఛగా కీర్తించడం చారిత్రకంగా సరికాదు. మాదిగలకు డక్కలి, చిందు కళాకారులు ఆశ్రితులుగా ఉండటంలో హక్కు ఎంత ఉందో, కులం విధించిన పరాధీనత కూడా అంతే ఉంది. అందువల్ల ‘పాత పద్ధతే మేలు’ అనే వాదన నిలవదు. ఆ పద్ధతిలో కళాకారునికి కాలంపై ఉన్న అధికారాన్ని, కులపరమైన పరాధీనత లేకుండా, నేటి ఉత్సవం ఇవ్వగలదా అన్నదే అసలు ప్రశ్న.

4. నారాయణపేట సందర్భం

2019 ఫిబ్రవరి 17న జిల్లాగా ఏర్పడిన నారాయణపేట కర్ణాటకకు సరిహద్దు. తెలుగు, కన్నడం ఇక్కడి వాడుకలో కలిసి నడుస్తాయి. ఈ జిల్లాలోని దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప మూడవ తరం బుర్రవీణ కళాకారుడు. సొరకాయ బుర్ర, వెదురు, తీగలతో రూపొందిన వాద్యాన్ని మీటుతూ తెలుగులోనూ కన్నడంలోనూ తాత్త్విక, భక్తి గీతాలు ఆలపించే ఆయనకు 2024లో పద్మశ్రీ లభించింది. దానికి రెండేళ్ళ ముందు ఉమ్మడి పాలమూరుకే చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు అదే పురస్కారం దక్కింది. ఈ రెండు పురస్కారాలు పాలమూరు వాద్యాలపై దేశం దృష్టి పడేలా చేశాయి. అయితే పురస్కారం వ్యక్తికి లభిస్తుంది. కళ కొనసాగాలంటే వినే సమూహమూ నేర్చుకొనే శిష్యుడూ కావాలి.

బుర్రవీణ వేదికకు వచ్చినప్పుడు మూడు మార్పులు జరుగుతాయి. మొదటిది, పాట నిడివిని వినేవారి ఆసక్తికి బదులు కార్యక్రమ పట్టిక నిర్ణయిస్తుంది. రెండవది, రెండు భాషల మధ్య సహజంగా సాగే గానం ఒకే భాషా సభకోసం ఒక భాషకు కుదించుకుపోతుంది. మూడవది, గాయకుడికి ఎదురుగా కూర్చొని తలూపుతూ, అడిగి పాడించుకొనే శ్రోత స్థానంలో చీకట్లో మౌనంగా ఉండే ప్రేక్షకుడు వస్తాడు. మరో పర్ఫార్మెన్స్ కళాకారునికి ఆ సాయంత్రపు పది నిమిషాలు రేపటి పూర్తి కృతికి సూచన. బుర్రవీణకు మాత్రం రేపటి ఉత్సవంలోనూ మళ్ళీ పది నిమిషాలే ఉంటాయి. ఇలా ఈ కళ తన మచ్చుకు తానే శాశ్వతంగా పరిమితమవుతుంది. ప్రేక్షకుడు అదే పూర్తి రూపమనుకొని వెళ్ళిపోవడం ఇందులోని అసలు నష్టం.

5. విమర్శ చేయవలసినది

1956లో బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యంపై చేసిన పరిశోధన ఈ రంగానికి పునాది వేసింది. ఆ దారిలో సాగిన మన అధ్యయనాలు పాట పాఠాన్ని సేకరించడంలో గొప్ప కృషి చేశాయి. ప్రదర్శనా సంఘటనను నమోదు చేయడంలో అంత శ్రద్ధ కనబడదు. రిచర్డ్ బౌమన్ 1970ల్లో మౌఖిక కళను ప్రదర్శనగా చూడాలని ప్రతిపాదించాడు. ఆ దృష్టితో మచ్చు ప్రదర్శనను పరిశీలించే పరిశోధకుడు ‘బాగా వాయించాడు, బాగా పాడాడు’ అనే తీర్పుతో ఆగకూడదు. పాటను ఎవరు ఎన్నుకున్నారు, ఎవరు ఆపమన్నారు, ఏ భాషలో పాడారు, పక్కన నేర్చుకొనే వారెవరైనా ఉన్నారా, పారితోషికం ఎవరు నిర్ణయించారు అన్న ప్రశ్నలకు సమాధానాలను కృతి వర్ణనలో భాగంగానే రాయాలి.

ఇటువంటి ఉత్సవాల నిర్వాహకులు కూడా దీనిని గమనించాలి. మచ్చు ప్రదర్శన తప్పు కాదు. కొత్త శ్రోతను తీసుకురావడానికి అది ఉపయోగపడుతుంది. కానీ ఉత్సవంలో కనీసం ఒక రాత్రైనా బుర్రవీణకు నిడివి పరిమితి లేని సమయం ఇవ్వాలి. అంశాల ఎంపికలో కళాకారునికి మాట ఉండాలి. నిర్వహణ సమితిలో నగర కళాకారులతోపాటు వంశపారంపర్య కళాకారులకూ స్థానం లేకపోతే, ‘కళాకారులే నిర్వహించే ఉత్సవం’ అనే మాట కొందరు కళాకారులకే వర్తిస్తుంది.

6. ముగింపు

పర్ఫార్మెన్స్ ఆర్ట్ సిద్ధాంతం మనకు నేర్పినదాన్ని మన కళలకూ సమానంగా అన్వయించాలి. అబ్రమోవిచ్ ఆరు గంటలను కుదించరాదని అంగీకరించే విమర్శకుడు, బుర్రవీణ గానాన్ని పది నిమిషాలకు తగ్గించడాన్ని సాధారణ ఏర్పాటుగా ఒప్పుకోవడం పరస్పర విరుద్ధం. వ్యవధిని కళాకారుని హక్కుగా గుర్తించినప్పుడే మచ్చు మచ్చుగా మిగులుతుంది. పాలమూరు వాద్యకళలపై పరిశోధన చేసే యువ పరిశోధకులు గీతాల సేకరణతో సమానంగా ప్రదర్శనా వ్యవధిని, స్థలాన్ని, శ్రోతల స్పందనను నమోదు చేస్తే, ఈ హక్కును నిరూపించడానికి అవసరమైన ఆధారాలు తెలుగు విమర్శకు సమకూరుతాయి.