బురుజు కింద ఉన్నవాళ్ళు

బైరాన్‌పల్లికి వెళ్ళాను. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి వచ్చిన ఊరు. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం పోలీసులు ఇక్కడ వందమంది దాకా చంపారు. లెక్క పుస్తకానికో తీరుగా ఉంటుంది. పోలీసు చర్యకు అప్పటికి పదిహేడు రోజులే ఉంది.

బురుజు ఇంకా నిలబడే ఉంది. అమరుల స్తూపం ఉంది. ఊరి పేరు ముందు 'వీర' చేరింది. ఆ మాట దగ్గరే నాకు పేచీ. ఈ ఊరి గురించి రాసిన దాదాపు ప్రతి కథనమూ బురుజు మీద నుంచి చూస్తుంది: కాపలా కాసినవాళ్ళు, కాల్చినవాళ్ళు, కూలినవాళ్ళు. స్త్రీలు చివర్లో వస్తారు, ఒకే ఒక్క వాక్యంలో. శవాల చుట్టూ వాళ్ళను వివస్త్రలను చేసి బతుకమ్మ ఆడించారని. పేర్లుండవు. 'మన ఆడవాళ్ళు' అని ఉంటుంది. ఆ 'మన'లో అవమానం ఊరిదైపోతుంది, దేహం మాత్రం వాళ్ళది.

అది ఆగస్టు. పెత్రమాసకు ఇంకా నెల పైనే ఉంది. తమ పాట, తమ వలయం, మగవాళ్ళ పెత్తనం లేని ఆ కాస్త చోటు. హింసించినవాళ్ళకు దేన్ని లాక్కోవాలో బాగా తెలుసు. ఆ ఏడు ఈ ఊళ్ళో బతుకమ్మ పేర్చారా అని అడిగిన రచన ఏదీ నా కంటపడలేదు.

బురుజు నీడన కూర్చున్న ఒక పెద్దమ్మను కదిలిస్తే, "అవన్నీ ఇప్పుడెందుకు బిడ్డా" అంది. దీన్ని 'మౌనం' అని రాసుకోవడం మా పరిశోధకులకు మహా తేలిక. నాకది జవాబులాగే వినిపించింది. ఎవరి కోసం అడుగుతున్నావని.

ఎందుకంటే ఆ ఒక్క వాక్యాన్ని గట్టిగా చదివేవాళ్ళు ఉన్నారు, ముఖ్యంగా సెప్టెంబరు 17 దగ్గరపడితే. విమోచనమో, విలీనమో, విద్రోహమో తేల్చుకునే ఆ తగాదాలో ఈ స్త్రీలు సాక్ష్యంగా పనికొస్తారు. పోలీసు చర్య తర్వాత ముస్లిం స్త్రీల మీద జరిగిన అత్యాచారాలను సుందర్‌లాల్ కమిటీ నివేదిక నమోదు చేసింది. వాళ్ళను ఆ సభల్లో ఎవరూ తలవరు.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో దూడల సాలమ్మ, కమలమ్మ తమ గొంతుతో మాట్లాడతారు. హింసతో పాటు ఆకలి, పసిబిడ్డను వదులుకోవడం, ఉద్యమం ముగిశాక ఇంటికి పొమ్మన్న నాయకత్వం మీద కోపం, అన్నీ ఉంటాయి. ఈసారి విద్యార్థినులను తీసుకెళ్తే ఆ కథనాలు ముందు చదివించి, తర్వాతే స్తూపం దగ్గరికి నడిపిస్తాను.