లోరెట్టా లిన్: ఇంటిమాటను పాటగా కట్టిన గాయని

పల్లెపాటను మెచ్చుకొనువారు పలువురు దానియందలి అమాయకత్వమునే మెచ్చుకొందురు. దాని కట్టుబడిలోని నేర్పును అంతగా పాటింపరు. అమెరికా దేశమున 'కంట్రీ మ్యూజిక్' అని వ్యవహరింపబడు పల్లెసంగీతమున మిక్కిలి కీర్తి గడించిన లోరెట్టా లిన్ విషయమునను ఇట్లే జరిగినది. ఆమె 1976లో ప్రకటించిన స్వీయచరిత్ర 1980లో చలనచిత్రమైనది; అందు ఆమె పాత్ర ధరించిన సిస్సీ స్పేసెక్ అకాడమీ బహుమానము నందెను. ఆ జీవితకథ ఎంత ప్రసిద్ధికెక్కినదనగా, పాట కట్టిన చేయి దాని చాటున మరుగుపడినది. ఆ చేతిపనిని గూర్చియే మేమిచట విచారింపదలచితిమి.

లోరెట్టా 1932 ఏప్రిల్ 14న కెంటకీ రాష్ట్రమున, అపలేచియన్ కొండల నడుమ, బుచర్ హాలో అను కుగ్రామమున జన్మించెను. తండ్రి బొగ్గుగనిలో కూలి. 8 మంది బిడ్డలలో ఈమె రెండవది. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండుల నుండి వలసవచ్చినవారి కథాగేయములు ఆ కొండలలో తరతరములుగా నిలిచియున్నవి. ఆఫ్రికా సంతతివారు తెచ్చిన బాంజో వాద్యము వానికి తోడైనది. 1948 జనవరిలో, 16 ఏండ్లు నిండకమునుపే, ఆమెకు ఆలివర్ లిన్‌తో వివాహమైనది. దంపతులు దేశమున కావలికొసనున్న వాషింగ్టన్ రాష్ట్రమునకు వలసపోయిరి. భర్త కొనితెచ్చిన 17 డాలర్ల గిటారుపై ఆమె తనంత తానే వాద్యము నేర్చుకొనెను. 1960లో తొలి రికార్డు వెలువడినప్పుడు ఆలుమగలు కారులో ఊరూరు తిరిగి, రేడియో కేంద్రముల వారికి స్వయముగా దానిని అందించిరి. ఆ యేడే నాష్‌విల్ నగరమునందలి 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' వేదికపై ఆమె పాడెను.

పొరుగుసీమలలో తరములుగా కాపురమున్న మనవంటివారు గమనింపదగిన విశేషమొకటి ఇందు కలదు. ఆమె పాట కట్టనారంభించినది పుట్టినయూర గాదు, దానికి బహుదూరమున. అయినను ఆమె కొండసీమ పలుకుబడిని వదలలేదు; నగరపు నుడికారమును దిద్దుకొనలేదు. తుదివరకు ఆ యాసతోనే పాడెను.

ఆమెకు ముందు 1952లో కిట్టీ వెల్స్ పాడిన పాట యొకటి కంట్రీ పాటల పట్టికలో అగ్రస్థానమందెను. ఒంటరిగా పాడిన స్త్రీకి ఆ స్థానము దక్కుట అదియే ప్రథమము. స్త్రీలు దారితప్పుటకు పురుషులును కారకులే యని ఆ పాట వాదించినది. కాని దానిని రచించినవాడు జె. డి. మిల్లర్ అను పురుషుడు. లోరెట్టా తెచ్చిన మార్పు ఇచ్చటనే యున్నది: స్త్రీ పక్షమున వాదమును స్త్రీయే కట్టి, స్త్రీయే పాడినది.

1970లో వెలువడిన 'కోల్ మైనర్స్ డాటర్', అనగా బొగ్గుగని కూలివాని కూతురు, ఆమె రచనలలో తలమానికము. అందు తండ్రి రాత్రివేళ గనిలో పాటుపడును. తల్లి చేతివ్రేళ్లు నెత్తురు చిందువరకు బట్టలుతుకును. పిల్లలకు చలికాలపు బూట్లు కొనుటకై పందిని అమ్ముదురు. ఇంతటి లేమిని చెప్పుచు ఆమె ఎచ్చటను జాలిని యాచింపదు. ఉపమానములు లేవు, వస్తువులును, పనులును మాత్రమే కలవు. ఆమె మొదట వ్రాసిన చరణములు ఇంకను ఎక్కువ. నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ కొన్నిటిని తీసివేయించెను. మిగిలిన పాట బిగువుగా నిలిచినది. బొగ్గుధూళి ఊపిరితిత్తులకెక్కి రోగియైన ఆ తండ్రి, కూతురి తొలి రికార్డునైనను వినకయే 1959లో గతించెను. 2001లో మూతపడు వరకు కోలారు బంగారుగనులలో పాటుపడిన తెలుగు కుటుంబములవారికి ఈ పాటలోని ఇల్లు పరాయిది గాదు.

ఇక ఆమె దాంపత్యగీతములు. వీనిలో విలాపము తక్కువ, సంబోధన యెక్కువ. తాగి ఇంటికి రావలదని భర్తను హెచ్చరించు పాట 1967లో ఆమెకు తొలిసారి అగ్రస్థానము తెచ్చినది. 1966 నాటి మరియొక పాటలో తన భర్తను కాజేయ వచ్చినదానితో ముఖాముఖిగా మాటలాడును. వినువాడు ఎవరి ఇంటి జగడమునో గుమ్మమున నిలిచి వినుచున్నట్లుండును. మన స్త్రీల పాటలలోను ఇట్టి మాట కలదు. అయితే అది పురాణపు ముసుగులో నుండును. 'ఊర్మిళాదేవి నిద్ర'లో మేల్కొన్న ఊర్మిళ తన భర్తను పరపురుషుడని తలచి మందలించును. అడుగవలసిన మాటను మన తల్లులు ఊర్మిళ నోట అడిగించిరి. లోరెట్టా 'నేను' అని తన నోటనే అడిగినది.

ఆ ధైర్యమునకు ఆమె వెల చెల్లింపకపోలేదు. గర్భనిరోధక మాత్రను గూర్చిన 'ది పిల్' అను పాటను 1972లోనే రికార్డు చేసినను, 1975 వరకు విడుదల చేయలేదు. విడుదలైన పిదప అనేక రేడియో కేంద్రములు దానిని ప్రసారము చేయ నిరాకరించెను. అయినను అది కంట్రీ పట్టికలో 5వ స్థానము వరకు పోయినది. ఏటేట కాన్పులతో అలసిన ఇల్లాలి మాటను ఆ కేంద్రములు మూయగలిగినవి గాని, వినదలచిన ఇల్లాండ్రు రికార్డును కొనకుండ ఆపలేకపోయినవి.

లోపములు లేకపోలేదు. అంగడి తొందరకు వెలువడిన ఆల్బములలో ఇతరుల ప్రసిద్ధగీతములను తిరిగి పాడి పుటలు నింపినట్లున్నవి పెక్కులు. 1968 నాటి 'ఫిస్ట్ సిటీ' వంటి పాటలలో పిడికిలి బిగించినది సవతి వంటి పరస్త్రీపై. తప్పుచేసిన మగవానికి చీవాట్లు స్వల్పము. నేర్పు గల పాటయే యైనను న్యాయము సగమే జరిగినదని మా అభిప్రాయము.

1972లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వారి ఆ యేటి ఉత్తమకళాకారుల బిరుదును పొందిన తొలి మహిళ ఆమెయే. 2004లో, 72 ఏండ్ల ప్రాయమున, యువకుడైన రాక్ గాయకుడు జాక్ వైట్‌తో కలిసి 'వాన్ లియర్ రోజ్' అను ఆల్బమును వెలువరించి, గ్రామీ బహుమానములు గడించెను. అందలి రచనలు ఆమెవే. 2022 అక్టోబరు 4న టెనెసీ రాష్ట్రమున, హరికేన్ మిల్స్‌లోని స్వగృహమున, 90వ యేట కన్నుమూసెను.

మన సంఘములవారు ఇండ్లలో వృద్ధస్త్రీల నోట మిగిలిన పాటలను వ్రాసికొనునప్పుడు మంగళహారతులతోను, రామాయణపు పాటలతోను తృప్తిపడుట కలదు. మగని త్రాగుడును, అత్త ఆరళ్లను, కాన్పుల బరువును చెప్పు పాటలను 'ఇవి వ్రాయదగినవి గావు' అని ఆ తల్లులే దాచుదురు. ఆ దాచినవానినే ముందుగా అడిగి వ్రాసికొనవలయునని మా మనవి.