ఆధునిక నిర్మాణమున స్త్రీల కృషి: ప్రదర్శనలు చూపనిది

లండనునందలి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమున 2024 మార్చి మొదలు సెప్టెంబరు వరకు, ఉష్ణదేశముల ఆధునిక వాస్తునుగూర్చి ఒక ప్రదర్శన జరిగినది. స్వాతంత్ర్యపు తొలి వత్సరములలో మన దేశమునను, ఘానాలోను వెలసిన కట్టడములు దాని విషయము. అందు ప్రధానస్థానము నందుకొన్నవారిలో జేన్ డ్రూ ఒకరు. ఆమె 1951లో భర్త మాక్స్‌వెల్ ఫ్రైతో కలసి చండీగఢునకు వచ్చి, మూడేండ్లు పనిచేసి, అచ్చటి ఉద్యోగుల ఇండ్లకు, పాఠశాలలకు రూపకల్పన చేసిరి. చండీగఢమనగానే లె కార్బూజియేను మాత్రమే తలచు లోకమునకు ఈ పేరు వినిపించుట మెచ్చదగిన పనియే.

అయితే ఇట్టి ప్రదర్శనలకు ఒక పరిమితి కలదు. కంటికింపైన కట్టడమునకే అందు చోటు దొరకును. కట్టడము నిలుచుటకు వేసిన లెక్కలు, ఊరూరికి దీపము తెచ్చిన తీగల పటములు గోడమీది ఛాయాచిత్రములో కానరావు. ఆ కాలపు స్త్రీల శ్రమలో కొంత ఆ లెక్కలలోనే, ఆ పటములలోనే అణగియున్నది.

ఇందుకు నిదర్శనము మన పట్టణముననే కలదు. 1919లో ఇచ్చటి తెలుగింట జన్మించిన అయ్యలసోమయాజుల లలితగారు పదునెనిమిదవ యేట భర్తను కోల్పోయిరి. ఒడిలో నెలల బిడ్డ. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రాచార్యులు. ఆయన ప్రోత్సాహమున, ప్రిన్సిపాలు కె. సి. చాకోగారి ఆమోదమున, లలితగారు 1940లో ఆ కళాశాలలో ప్రవేశించిరి. సివిలు శాఖలో పి. కె. త్రేసియా, లీలమ్మ జార్జి ఆమెకు తోడైరి. వీరి పట్టాలపై పురుషులకై ముద్రించిన సర్వనామమును కొట్టివేసి, 'ఆమె' యని చేతితో దిద్దవలసి వచ్చినదట.

లలితగారినిగూర్చి వ్రాయువారు తరచుగా ఈ ఘట్టముతోనే తృప్తి చెందుదురు. వైధవ్యమును, చదువును, 'ప్రథమ మహిళ' యను బిరుదమును చెప్పి కలము దించుదురు. ఇది మాకు సమ్మతము కాదు. పట్టము పుచ్చుకొనుట ఒకనాటి ముచ్చట; తరువాతి మూడు దశాబ్దములకు పైబడిన ఉద్యోగము మాట యేమి? సిమ్లాలోని కేంద్ర ప్రమాణముల సంస్థలో కొంతకాలము పనిచేసిన పిమ్మట, 1948లో ఆమె కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీసులో చేరి, విద్యుత్ప్రసార మార్గములకు రూపకల్పన చేసిరి. సట్లెజ్ నదిపై లేచిన భాక్రా నంగల్ పథకపు విద్యుత్పనులలో ఆమె చేయి కలదు. అనగా, చండీగఢమున ఇండ్లు లేచుచున్న దశాబ్దముననే మన పట్టణపు ఆడపడుచు ఆ మహాపథకములో పాలుపంచుకొన్నది. ఇంటిపై వాస్తుశిల్పి పేరు నిలిచినది. తీగలు గీసిన చేతిని కంపెనీ పేరు కప్పివేసినది.

1964లో న్యూయార్కున జరిగిన ప్రథమ అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల సభకు లలితగారు హాజరైరి. 1979లో కన్నుమూసిరి. సహాధ్యాయిని త్రేసియాగారు 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరైరి.

ఇట్టివారినిగూర్చి ప్రదర్శన యేర్పరచువారు పెద్ద ఛాయాచిత్రములకన్న ముందు ఆ దిద్దిన పట్టాను, నీలిపటములను, లెక్కల పుస్తకములను, ఉద్యోగపు లేఖలను సేకరింపవలెను. అవి దొరకునా యన్నదే మా దిగులు. త్యాగరాయనగరమునను, మైలాపూరునను పాత ఇండ్లు పడగొట్టి ఫ్లాట్లు కట్టునపుడు, అటకమీది ట్రంకుపెట్టెలు పాతకాగితములవాని తక్కెడకెక్కుచున్నవి. అందు అవ్వల నగల జాబితాలే యుండునని అనుకొనరాదు. వారు చదివిన చదువులకు, చేసిన ఉద్యోగములకు సాక్ష్యము అందే యుండవచ్చును. కావున మన కుటుంబములవారు పెట్టె అమ్ముటకు ముందు ఒకమారు తెరచి చూడవలెనని, దొరికిన పత్రములను మన సంఘములు భద్రపరచవలెనని మా ప్రార్థన.