పాటకు మైకు సరే, దారి ఎక్కడ?

ఈ వారం ఒక టీవీ చర్చలో మళ్లీ అదే పాత వాదన. సభ పెట్టుకోండి, ఉపన్యాసాలు చెప్పుకోండి, మాకేం అభ్యంతరం లేదు, పాటలు మాత్రం వద్దు, పాట మొదలైతే జనం చెయ్యి దాటిపోతారు అని. ఈ కాలమ్ చదివేవారికి ఈ విషయంలో నా పట్టుదల కొత్తేమీ కాదు. పాట జనాన్ని రెచ్చగొట్టడం కంటే కుదురుగా కూర్చోబెట్టడమే ఎక్కువని ఇక్కడే చాలాసార్లు రాశాను. మన దగ్గర ఊరేగింపులకు లైసెన్సులిచ్చే 1861 నాటి పోలీసు చట్టం 30వ సెక్షన్ ఉందే, పండుగలప్పుడు, వేడుకలప్పుడు వీధిలో సంగీతం ఎంతవరకు ఉండాలో నిర్ణయించే అధికారం కూడా అందులోనే ఉంది. 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ జీవో నంబర్ 1 తెచ్చింది ఆ సెక్షన్‌ను పట్టుకునే. మే నెలలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. పాట, గుంపు, లాఠీ ఈ మూడింటి సంబంధాన్ని తరచి చూడాలంటే మాత్రం అమెరికాలోని షికాగో నగరానికి వెళ్లడం మేలు. అక్కడ జరిగినదంతా సాక్ష్యాలతో సహా రికార్డయి ఉంది.

1968 ఆగస్టు 26 నుంచి 29 వరకు షికాగోలో డెమోక్రటిక్ పార్టీ జాతీయ సదస్సు జరిగింది. వియత్నాం యుద్ధం తెచ్చిన వ్యతిరేకతతో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మార్చి చివరలోనే ఇక పోటీ చేయనని తప్పుకున్నాడు. ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను, జూన్‌లో రాబర్ట్ కెనెడీని చంపేశారు. కింగ్ హత్య తర్వాత ఊరు తగలబడినప్పుడు, నిప్పు పెట్టేవాళ్లను చంపేలా కాల్చాలని, లూటీ చేసేవాళ్లను అవిటివాళ్లయ్యేలా కాల్చాలని బాహాటంగా చెప్పినవాడు మేయర్ రిచర్డ్ డేలీ. సదస్సు నాటికి ఆయన దాదాపు 12,000 మంది పోలీసులను 12 గంటల షిఫ్టుల్లో దింపాడు. వాళ్లు చాలనట్టు నేషనల్ గార్డ్, సైన్యం వేల సంఖ్యలో సిద్ధంగా ఉన్నాయి. వచ్చిన నిరసనకారులు పదివేలకు అటూ ఇటూ. యిప్పీలు అని తమకు తాము పేరు పెట్టుకున్న కుర్రకారు లింకన్ పార్కులో పాటల పండుగ చేస్తామని, రాత్రి అక్కడే పడుకుంటామని నెలల తరబడి పర్మిషన్ అడిగారు. నగరం ఇవ్వలేదు. గొడవలు తప్పవని భయపడి, వస్తామన్న బ్యాండ్లు చాలావరకు మానుకున్నాయి. ఆగస్టు 25 ఆదివారం మధ్యాహ్నం డెట్రాయిట్ నుంచి వచ్చిన ఎంసీ5 అనే ఒక్క బ్యాండు మాత్రం పార్కులో వాయించింది. స్టేజీ లేదు, సరైన సౌండ్ సిస్టమ్ లేదు. తినుబండారాల బండి దగ్గర ఉన్న కరెంటు ప్లగ్గు నుంచి వైరు లాగి, గడ్డి మీదే నిలబడి వాయించారు. వెనకున్నవాళ్లకు కనబడటం లేదని ఒక ట్రక్కును స్టేజీగా తెచ్చుకోబోతే పోలీసులు అడ్డుపడ్డారు. తోపులాట అక్కడే మొదలైంది. రాత్రి 11 గంటలకు పార్కు ఖాళీ చేయాలన్న నిబంధనను పట్టుకుని ఆ రాత్రి, మర్నాడు, ఆ మర్నాడు కూడా లాఠీలు, టియర్ గ్యాస్‌తో జనాన్ని వీధుల్లోకి తరిమారు. పార్కులో కూర్చున్న జనాన్ని ఊరంతా చెదరగొట్టింది ఎవరన్నది ఆ మూడు రాత్రులే చెబుతాయి.

28వ తేదీ బుధవారం సంగతి చూడండి. గ్రాంట్ పార్కులో బ్యాండ్‌షెల్ దగ్గర మధ్యాహ్నం కొద్ది గంటల సభకు నగరం చివరి నిమిషంలో అనుమతి ఇచ్చింది. అక్కడ గాయకుడు ఫిల్ ఓక్స్ యుద్ధ వ్యతిరేక గీతం పాడుతుండగా కుర్రాళ్లు తమ నిర్బంధ సైనిక భర్తీ కార్డులను తగలబెట్టారు. జెండా కర్ర దగ్గర ఒక కుర్రాడు జాతీయ జెండా దించబోయాడు, పోలీసులు జనంలోకి దూసుకొచ్చారు. సభకు అనుమతి ఉంది గానీ సదస్సు హాలు దాకా ఊరేగింపుకు లేదు. వేలమంది పార్కులో ఇరుక్కుపోయారు. బయటికి వెళ్లే వంతెనల మీద నేషనల్ గార్డ్ కాపలా. కాపలా లేని ఒక వంతెన దొరికితే దాని మీదుగా మిషిగన్ అవెన్యూకు చేరారు. అప్పుడే అటుగా కంచరగాడిదల బండ్లు వెళుతున్నాయి. కింగ్ మొదలుపెట్టిన పేదల ఉద్యమాన్ని రాల్ఫ్ అబర్నాతీ కొనసాగిస్తున్నాడు, ఆ బండ్లు వాళ్లవి. వాటికి అనుమతి ఉంది. పోలీసులు బండ్లను ముందుకు వెళ్లనిచ్చి, వెనకున్న జనాన్ని కాన్రాడ్ హిల్టన్ హోటల్ ముందు ఆపారు. ఆ తర్వాత సుమారు పదిహేడు నిమిషాలు టీవీ కెమెరాల వెలుగులో సాగిన లాఠీఛార్జిని అమెరికా ఇళ్లలో కూర్చుని చూసింది. ప్రపంచమంతా చూస్తోందని జనం అరిచిన ఆ నినాదం రికార్డింగును షికాగో అనే రాక్ బ్యాండు మరుసటి ఏడాది తన తొలి ఆల్బంలో పెట్టింది. మూడు వేలకు పైగా వాంగ్మూలాలను పరిశీలించిన డేనియల్ వాకర్ బృందం 1968 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. నిరసనకారుల బూతులు, విసిరిన రాళ్లు అన్నీ నమోదు చేశాక కూడా అది తేల్చిన మాట ఒకటే: ఇవి పోలీసులు చేసిన అల్లర్లు.

వీధి గురించి అందరికీ తెలుసు. సదస్సు హాలులో పాట ఏం చేసిందో ఎవరూ పెద్దగా చెప్పుకోరు. నాకు అన్నిటికంటే విలువైన సాక్ష్యం అదే. అదే బుధవారం, యుద్ధం ఆపాలన్న తీర్మానం హాలులో ఓడిపోయింది. న్యూయార్క్ ప్రతినిధులు చేతికి నల్ల పట్టీలు కట్టుకుని, పౌరహక్కుల ఉద్యమం నడిపించిన ప్రసిద్ధ గీతాన్ని నిలబడి అందుకున్నారు. వాళ్లలో నటుడు, జానపద గాయకుడు థియొడోర్ బైకెల్ ఉన్నాడు. వృత్తి గాయకుడు, అయినా ఆ రోజు ఓటున్న ప్రతినిధి. ఆ గొంతులను ముంచేయాలని హాలులోని బ్యాండు గట్టిగా వాయించింది. ప్రతినిధులు ఆపలేదు. మర్నాడు రాబర్ట్ కెనెడీ స్మృతిగా చిన్న సినిమా చూపించారు. అది అయిపోగానే ప్రతినిధులు అమెరికా అంతర్యుద్ధం నాటి గీతం ఎత్తుకుని, అధ్యక్ష స్థానంలో ఉన్నవారు సుత్తి కొట్టినా వినకుండా ఇరవై నిమిషాల వరకూ పాడుతూనే ఉన్నారు. మాట్లాడే వంతు, సమయం, మైకు ఇవన్నీ అధ్యక్షుడి చేతిలో ఉంటాయి. ఒకడు మాట్లాడితే కూర్చోమనొచ్చు. వందలమంది కలిసి, అందరికీ వచ్చిన పాట పాడుతుంటే ఏ నిబంధనతో కూర్చోబెట్టగలరు? గద్దర్ కాలి గజ్జెలు, డప్పు చూసిన తెలుగువాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. డప్పుకు కరెంటుతో పనిలేదు, కోరస్‌కు మైకుతో పనిలేదు.

ఇక ఎదుటి వాదన. రాక్ సంగీతం వేరు, జానపదం వేరు, పెద్ద స్పీకర్లతో ఆవేశపు పాటలు పాడితే గుంపు తప్పకుండా రెచ్చిపోతుందంటారు. దానికీ ఆధారాలు ఉన్నాయి, తోసిపుచ్చను. 2000 ఆగస్టు 14న లాస్ ఏంజెలెస్‌లో డెమోక్రటిక్ సదస్సు తొలిరోజు, స్టేపుల్స్ సెంటర్ ఎదురుగా రేజ్ అగైన్‌స్ట్ ద మెషీన్ అనే రాక్ బ్యాండు ఉచితంగా వాయించింది. అందరికీ చోటు, స్టేజీ, కరెంటు అన్నీ ఉన్నాయి. కంచె దగ్గర కొందరు వస్తువులు విసిరారు, కంచె ఎక్కారు. తర్వాత ఒజోమాట్లి అనే బ్యాండు వాయిస్తుండగా పోలీసులు కరెంటు తీసేసి, అందరినీ వెళ్లిపొమ్మని ప్రకటించి, రబ్బరు బులెట్లు, గుర్రాలతో మీద పడ్డారు. 2008 సెప్టెంబరులో సెయింట్ పాల్‌లో రిపబ్లికన్ సదస్సు జరిగినప్పుడు అదే రేజ్ బ్యాండును పోలీసులు స్టేజీ ఎక్కనివ్వలేదు. వాళ్లు జనంలోకి దిగి, మెగాఫోన్‌లో, ఏ వాయిద్యం లేకుండా పాడారు. మర్నాడు పక్కనే మినియాపోలిస్‌లో టికెట్లు అమ్మిన హాలులో అదే బ్యాండు కచేరీ ముగిశాక వీధిలో వందమందికి పైగా అరెస్టయ్యారు. అంతకు వారం ముందు డెన్వర్‌లో, డెమోక్రటిక్ సదస్సుకు అదే బ్యాండు ఉచిత కచేరీ చేసింది. ఇరాక్‌లో పోరాడి తిరిగొచ్చిన యుద్ధ వ్యతిరేక సైనికులు యూనిఫారాల్లో, వరసల్లో ముందు నడిచారు. కచేరీ విన్న వేలమంది వాళ్ల వెనక సదస్సు హాలు వైపు మైళ్ల దూరం నడిచారు. లాఠీ లేవలేదు. ఒబామా ప్రచార బృందం మనిషి వచ్చి సైనికులతో మాట్లాడారు.

అదే బ్యాండు, అవే పాటలు. ఒకచోట రబ్బరు బులెట్లు, ఒకచోట అరెస్టులు, ఒకచోట శాంతియుత ఊరేగింపు. అంటే పాట రెచ్చగొడుతుందన్న పోలీసుల వాదన నిలవదు. అంతే నిజాయితీగా చూస్తే, పాట శాంతింపజేస్తుందని నేను రాస్తూ వచ్చిన వాదన కూడా నిలవదు. డెన్వర్‌లో క్రమశిక్షణ వచ్చింది సైనికుల వరసల వల్ల. వెళ్లాల్సిన చోటు ఏదో జనానికి తెలుసు, ఆ దారి వాళ్ల ముందు తెరిచి ఉంది. పాటను జనాన్ని కుదురుగా ఉంచే సాధనంగా సమర్థించడమంటే పోలీసుల లెక్కనే తిరగేసి ఒప్పుకోవడం. శాంతి నెలకొల్పుతుందని రుజువైతేనే పాటకు హక్కు ఉంటుందా? ఉపన్యాసానికి ఆ షరతు ఎవరూ పెట్టరు.

ఇంకో అభ్యంతరం మరీ బలమైనది. ఇంత పాడి ఏం సాధించారు? 1968 తర్వాత జరిపిన సర్వేల్లో ఎక్కువమంది అమెరికన్లు పోలీసుల వైపే నిలిచారు. నవంబరులో శాంతిభద్రతల నినాదంతో నిక్సన్ గెలిచాడు. అల్లర్లకు కుట్ర చేశారని ఎనిమిది మంది నిరసనకారుల మీద 1969లో కేసు నడిచింది. అందులో ఒకడైన బాబీ సీల్‌ను కోర్టు హాలులోనే కట్టేసి, నోటికి గుడ్డ కట్టారు. ఫిల్ ఓక్స్, జూడీ కాలిన్స్ వంటి గాయకులు సాక్షులుగా వస్తే, జడ్జి జూలియస్ హాఫ్‌మన్ వాళ్లను పాడనివ్వలేదు. పాట మొదలుపెట్టిన కాలిన్స్ నోరు మూయడానికి కోర్టు మార్షల్ చెయ్యి అడ్డు పెట్టాడు. పాట సాక్ష్యమని వాదించడానికి ఓక్స్ గిటారును డిఫెన్సు లాయర్లు కోర్టుకు తెచ్చారు. శిక్షలను 1972లో అప్పీలు కోర్టు రద్దు చేసింది. అప్పటికి ఓక్స్ చాలా దెబ్బతిన్నాడు. తాను షికాగోలో చనిపోయానని చెప్పే సమాధి రాయిని 1969 ఆల్బం అట్ట మీద వేయించుకున్నాడు. 1976లో ప్రాణం తీసుకున్నాడు. టీవీ చూసే ఓటరును ఆ పాటలు మార్చలేదని ఒప్పుకోవాల్సిందే. అసలు అవి వాళ్లకోసం పాడినవి కావు. లోపల ఓటు వేస్తున్న ప్రతినిధికి వినిపించడం కోసం పాడినవి. తీర్మానం ఓడిన రోజు హాలులో ఎవరూ ఊహించని నిరసన వచ్చింది, సదస్సు తర్వాత ప్రతినిధులను ఎన్నుకునే పద్ధతినే మార్చాలన్న కమిషన్ ఏర్పడింది. వీధికీ ప్రతినిధులు దిగిన హిల్టన్ హోటల్‌కూ మధ్య ఆ రోజు చెవి చేరే దూరం ఉంది, బారికేడ్లు ఎన్ని కట్టినా టియర్ గ్యాస్ ఘాటు ఆ హోటల్ గదుల్లోకి పాకింది.

ఇప్పుడు పోలీసులు ఈ దూరాన్నే సర్దడం నేర్చుకున్నారు. 2004లో బోస్టన్‌లో డెమోక్రటిక్ సదస్సు దగ్గర నిరసనకు రైలు పట్టాల కింద ఇనుప కంచెలతో ఒక దొడ్డి కట్టారు. చాలామంది అందులోకి వెళ్లడానికే నిరాకరించారు, అది దాదాపు ఖాళీగా ఉండిపోయింది. 2024 ఆగస్టులో డెమోక్రాట్లు మళ్లీ షికాగో వచ్చారు. గాజా యుద్ధం మీద నిరసన. 1968లో స్టేజీ, కరెంటు ఇవ్వని నగరం ఈసారి యూనియన్ పార్కులో స్టేజీకి, సౌండ్ సిస్టమ్‌కు, మరుగుదొడ్లకు ఒప్పుకుంది. కోర్టుకెక్కాక. ఒప్పుకోనిది దారి. నిర్వాహకులు రెండు మైళ్లకు పైగా ఉండే దారి అడిగితే, నగరం ఒక మైలు దాటిన పొట్టి దారి ఇచ్చింది, కోర్టు దాన్నే సమర్థించింది. మైకు దొరకగానే పాటకు హక్కు దొరికిందని సంబరపడే మనం, ఈ సంగతి గమనించాలి. మైకు ఇవ్వడం ప్రభుత్వానికి చాలా చౌక. కిలోమీటరు దూరంలో ఎంత పెద్ద స్పీకరు పెట్టినా లోపలివాళ్లకు వినిపించదు.

భద్రత మాటేమిటని అడుగుతారు. సరైన ప్రశ్నే. 2024 జులైలో అమెరికాలోని బట్లర్‌లో ఎన్నికల సభలో అధ్యక్ష అభ్యర్థి మీద తుపాకీ పేలింది, ఏ పోలీసు అధికారీ దాన్ని మర్చిపోలేడు. కానీ ఆయుధం కోసం వెతకాల్సింది మనుషులను, సంచులను, మేడలను. బట్లర్‌లో కాల్చినవాడు ఊరేగింపులోంచి రాలేదు, పైకప్పు మీద ఉన్నాడు. తనిఖీ చేసి పంపిన వెయ్యిమందిని హాలు ద్వారానికి కనబడే దూరంలో నిలబెడితే లోపలివాళ్లకు వచ్చే ప్రమాదమేమిటో నగర అధికారులు రాతపూర్వకంగా చెప్పాలి, కోర్టు ముందు నిరూపించాలి. లాస్ ఏంజెలెస్‌లో 2000 జులైలో ఫెడరల్ జడ్జి ఆ పనే చేయించారు. భద్రతా వలయం మరీ పెద్దదని కొట్టేశారు, అందుకే ఆ కచేరీ స్టేపుల్స్ సెంటర్ ఎదుట జరిగింది. అక్కడ తర్వాత జరిగినదానికి మూలం దగ్గరగా ఉండటంలో లేదు. కంచె ఎక్కిన కొద్దిమందిని పట్టుకోకుండా, కరెంటు తీసి, వాయిద్యం వింటున్న వేలమందిని కలిపి తరమడంలో ఉంది. కాబట్టి పర్మిషన్ కాగితం కోసం ఠాణా మెట్లెక్కే నిర్వాహకులు ఇకమీదట మొదట అడగాల్సింది మైకు, స్టేజీ గురించి కాదు. ఊరేగింపు ఎక్కడ ముగుస్తుంది, అక్కడి నుంచి లోపలి ద్వారానికి ఎన్ని గజాలు, కొందరు తప్పు చేస్తే మిగతావాళ్లు ఉండొచ్చా లేదా, ఈ మూడింటికీ రాతలో జవాబు తీసుకోవాలి. స్పీకర్లు లేకపోయినా పాడగలిగే పాటలు నాలుగైనా నేర్పించుకుని ఆ దూరానికి వెళ్లాలి.