'బ్రైట్ ఫ్యూచర్': ఒక పాటల రికార్డు

అమెరికన్ గాయని అడ్రియన్ లెంకర్ 2024 మార్చిలో వెలువరించిన 'బ్రైట్ ఫ్యూచర్'ను మా అమ్మాయి వినిపించినది. పాటలు వ్రాసేదీ, పాడేదీ ఆమెయే. పేరు చూసి ఉత్సాహగీతాలనుకున్నాను. కాదు.

మొదటి పాట 'రియల్ హౌస్' తల్లిని ఉద్దేశించినది. పియానో మీద నెమ్మదిగా, మాట్లాడినట్లే సాగుతుంది. చిన్ననాటి ఇల్లు, పెంపుడు కుక్క మరణం. ఆనాడే తల్లి కన్నీరు ఆ పిల్ల మొదటిసారి చూచినది. నేనూ మా అమ్మ ఏడుపు ఒక్కసారే చూచాను. నాయనమ్మ పోయిననాడు, ఆవిడ లాలిపాట మాలో ఎవరికీ పూర్తిగా రాదని తెలిసి ఏడ్చినది. నేను తెలుగు సాయంకాలపు తరగతిలో నేర్చుకున్నాను. ఆ పాట అక్కడ లేదు.

ఈ రికార్డును అడవిలోని స్టూడియోలో, కొద్దిమంది మిత్రులతో, టేపు మీద పట్టారు. గది సవ్వడులు కూడా వినబడతాయి. 'శాడ్‌నెస్ ఆజ్ ఎ గిఫ్ట్'లో ఎడబాటు ఉన్నది, నిష్ఠూరం లేదు. 'వాంపైర్ ఎంపైర్' మాత్రం నాకు నచ్చలేదు. 2023లో తన బృందం బిగ్ థీఫ్‌తో విడుదల చేసిన పాటే అది; ఈ నెమ్మది పాటల నడుమ తొందరపడుతున్నట్లు తోచినది.

మనమో, ఉగాది వేదికపై పెద్దమ్మల పాటలకు కీబోర్డు జతచేసి వారి గొంతు వినబడకుండా చేస్తున్నాము. క్రిందటేడు ఆ కీబోర్డు తెప్పించినది నేనే, ఒప్పుకుంటున్నాను.

మా మేనత్తకు ఆ లాలిపాటలో రెండు చరణాలు వచ్చు. ఈ ఆదివారం ఆమె వంటింట్లోనే కూర్చుండబెట్టి పాడిస్తాను. కుక్కరు కూసినా సరే, ఆపను.